పట్టణములోని సేవాసంఘము – పల్లెలోని పంచాయతి

గత సంవత్సరము మాఘమాసములో పల్నాటి ప్రాంతపు గ్రామమొకదానికి మేము వెళ్లియున్నప్పుడు, అచ్చటి ఉన్నత పాఠశాల ఆవరణములో కంటి వైద్యశిబిరము జరుగుచున్నది. సమీప పట్టణములోని సేవాసంఘమువారు దానిని ఏర్పాటు చేసినారు. షామియానా, కుర్చీలు, మంచినీటి డ్రమ్ములు, సంఘము పేరు గల పెద్ద ఫ్లెక్సీ, అన్నియు ఉదయము ఎనిమిది గంటలకే సిద్ధమైనవి. ఆసుపత్రి వాహనములో ఇద్దరు కంటివైద్యులు, నలుగురు సహాయకులు వచ్చినారు. బియ్యపు మిల్లు యజమాని ఒకరు బల్ల దగ్గర కూర్చుండి స్వయముగా చీటీలు వ్రాయుచున్నారు. బట్టల వర్తకులొకరు వృద్ధుల చేయి పట్టుకొని వైద్యుని వద్దకు నడిపించుచున్నారు. మధ్యాహ్నము అందరికిని పులిహోర, మజ్జిగ పంచినారు. సాయంకాలము లెక్క చూడగా, శుక్లములు ముదిరి శస్త్రచికిత్స అవసరమైనవారు 19 మంది అని తేలినది. మరునాటి ఉదయము ఆసుపత్రి బస్సు వచ్చి పాఠశాల ముందు నిలిచినది. ఎక్కినవారు 11 మంది.

తక్కిన ఎనిమిదిమందిని గురించి మేము ఆనాడే వాకబు చేసినాము. అవి మిరపకోతలు ముమ్మరముగా సాగుచున్న రోజులు. ఒక వృద్ధుని వెంట పోవుటకు కొడుకునకు గాని కోడలికి గాని తీరిక లేదు; ఇద్దరును కూలికి పోవలసినవారే. ఒకరి ఇంట గేదె ఈనుటకు సిద్ధముగా నున్నది. పూర్వమెప్పుడో పొరుగూరిలో శస్త్రచికిత్స వికటించి ఒకని కన్ను పోయినదని విని ఇద్దరు జంకినారు. ఇంకొకరికి మధుమేహము ఉన్నది. ముందు దానిని అదుపులోనికి తెచ్చుకొని రమ్మని వైద్యులు చెప్పగా, ఇక తనకు వైద్యమే లేదన్నట్లు ఆయన అర్థము చేసికొన్నారు. డెబ్బది యేండ్ల అవ్వ ఒకతె, "ఇంక నేను చూడాల్సిందేముంది నాయనా, కాటికి దారి తెలుసుగా" అని నవ్వి ఊరకున్నది.

సేవాసంఘమువారు తమ పని తాము చేసినారు. సొంత సొమ్ము, సొంత దినము వెచ్చించి వచ్చినవారిని తప్పు పట్టుటకు వీలులేదు. వారు మరల ఆ యూరికి వచ్చునది మరుసటి సంవత్సరము. వచ్చెదరో రారో అదియు చెప్పలేము. ఆ ఎనిమిదిమంది మాత్రము పంచాయతి కార్యాలయమునకు నాలుగు వీధుల దూరములోనే ఉన్నారు. వారి గడప తొక్కవలసినవారెవరు? ఈ వ్యాసములో మేము చర్చింపదలచినది ఈ ప్రశ్ననే.

ఈ సంఘముల పుట్టుక

మన పట్టణములలో సాధారణముగా కానవచ్చు సేవాసంఘములు రోటరీ క్లబ్బు, లయన్స్ క్లబ్బు అనునవి. రెండును అమెరికా దేశములోని షికాగో నగరమున పుట్టినవి. 1905 ఫిబ్రవరి 23వ తేదీన పాల్ హారిస్ అను న్యాయవాది మరి ముగ్గురు మిత్రులతో కలిసి రోటరీని ఆరంభించినారు. ఆ మిత్రులు ఒక వారము ఒకరి కార్యాలయమునను, మరొక వారము మరొకరి కార్యాలయమునను వంతులవారీగా కూడుచుండుటచేత ఆ పేరు వచ్చినది. 1917లో మెల్విన్ జోన్స్ అను భీమా వ్యాపారి చొరవతో లయన్స్ సంఘము ఏర్పడినది. రోటరీ 1920లో కలకత్తా నగరములోను, లయన్స్ 1956లో బొంబాయి నగరములోను మన దేశమున అడుగు పెట్టినవి. తరువాత క్రమముగా మన తెలుగు జిల్లాలలోని తాలూకా పట్టణములకు సైతము ఇవి విస్తరించినవి.

రోటరీవారు షికాగోలో చేపట్టిన మొట్టమొదటి ప్రజాహిత కార్యమేమో పంచాయతి సభ్యులు తప్పక తెలిసికొనదగినది. అది ఆసుపత్రియు కాదు, పాఠశాలయు కాదు. నగరములో ప్రజలకొరకు మరుగుదొడ్లు కట్టించుట! 1907లో వారీ ప్రయత్నమునకు పూనుకొన్నారు. అంత పెద్ద నగరములో పనిమీద వచ్చినవారికి మరుగు లేదు. పురుషులు సారాయి దుకాణములోనికి, స్త్రీలు పెద్ద అంగడులలోనికి పోవలసి వచ్చుచుండెను. మరుగుదొడ్లు కట్టినచో తమ దుకాణములకు వచ్చువారు తగ్గుదురని ఆ వర్తకులే అడ్డుపడినారు. సంఘమువారు ఒంటరిగా ఆ పని చేయుటకు పూనుకొనలేదు. నగరములోని ఇతర సంఘములను కూడగట్టుకొని, నగరపాలకులను ఒప్పించి, నగరము చేతనే ఆ పని చేయించినారు. మన ఊళ్లలో బస్సు స్టాండు దగ్గర మరుగుదొడ్డి కొరకు తిరుగుచున్న సభ్యులకు ఈ కథలో కొంత ఊరట దొరకును.

లయన్స్ సంఘమువారు కంటి వైద్యము వైపు మొగ్గుటకును ఒక కారణము కలదు. చూపు, వినికిడి రెండును లేని హెలెన్ కెల్లర్ అను విదుషీమణి 1925లో ఒహాయో రాష్ట్రములో జరిగిన వారి మహాసభకు వచ్చి, అంధుల పక్షమున నిలువుమని వారిని కోరినారు. నాటినుండి కంటిసేవ ఆ సంఘమునకు ముఖ్య వ్రతమైనది. ఊరూరను వారి కంటి శిబిరములే ఎక్కువగా కానవచ్చుటకు మూలమిదియే.

సేవ మనకు కొత్తగా నేర్పిన పని అని మేము చెప్పుట లేదు. వేసవిలో చలివేంద్రములు పెట్టుట, బాటసారులకు సత్రములు కట్టించుట మన పెద్దల నాటినుండి ఉన్నవే. గోదావరి లంకలలోని గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) ఎందరికో అన్నము పెట్టినారు. ఆమె చేతి చలువ వంటిది ఏ సంఘమునకును అబ్బదు. ఐనను ఒక ఇల్లాలి దానము ఆ ఇల్లాలితో ముగియును. నలువదిమంది కలిసి చందా వేసికొని, లెక్కలు వ్రాసికొని, వారిలో నలుగురు పోయినను తక్కినవారు నడుపు సంస్థ వేరు. చిన్న పట్టణమునకు దీనివలన కలిగిన లాభము ఇదియే. వైద్యుడు, న్యాయవాది, ఉపాధ్యాయుడు, ఎరువుల వర్తకుడు ఒక బల్ల చుట్టు కూర్చుండి ఊరి సంగతి మాట్లాడుకొను చోటు అంతకు ముందు లేదు.

సంఘము వారి సంవత్సరము, పంచాయతి వారి అయిదేండ్లు

సేవాసంఘముతో పని పెట్టుకొనదలచిన పంచాయతి మొదట తెలిసికొనవలసినది వారి సంవత్సరము ఎప్పుడు మొదలగునో. రోటరీకిని, లయన్స్కును జూలై 1వ తేదీతో కొత్త సంవత్సరము ఆరంభమై జూన్ 30వ తేదీతో ముగియును. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి సాధారణముగా ఏటేట మారుచుందురు. కొత్త అధ్యక్షుడు తన యేటి కార్యక్రమములను జూన్, జూలై మాసములలోనే నిర్ణయించుకొనును. మన సర్పంచులు పెక్కుమంది మార్చి మాసములో అర్జీ పట్టుకొని పోవుదురు. అప్పటికి వారి సొమ్ము ఖర్చైపోయి, అధ్యక్షుని పదవీకాలము చివరకు వచ్చియుండును. "వచ్చే సంవత్సరము చూతము" అను జవాబు వినవలసి వచ్చును. ఆ వచ్చే సంవత్సరమునకు అధ్యక్షుడు వేరొకరు. ఆయనకు ఈ మాట తెలియదు. ఆషాఢములో పోయినవారికి పని ఔను. ఫాల్గుణములో పోయినవారికి కాఫీ మాత్రము దక్కును.

ఇంకొక సంగతి. ఆ సంఘములు తాము చేసిన ప్రతి పనిని పై కార్యాలయమునకు నివేదించవలెను. అందుచేత ఛాయాచిత్రములు, ఫ్లెక్సీలు, సన్మానములు కొంత హెచ్చుగానే ఉండును. నాలుగు దుప్పట్లకు నలువది ఛాయాచిత్రములని కొందరు పరిహసింతురు. మేము కూడ ఒకప్పుడు నవ్వినవారమే. కాని ఆ దుప్పటి కప్పుకొన్నవానికి చలి తగ్గినదా లేదా అన్నది చూడవలెను. సంఘమువారికి ఛాయాచిత్రము కావలెనన్నచో తీసికొననిండు. మన జాబితాలోని మనుష్యులకు పని జరిగినదో లేదో చూచుకొనుట మన వంతు.

అధ్యక్షుని పదవి ఒక యేడు. పంచాయతికి అయిదేండ్లు. 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతులకు అయిదేండ్ల కాలపరిమితిని కల్పించినది. పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుధ్యము, త్రాగునీరు మొదలగు 29 విషయములను వాటి పరిధిలోనికి చేర్చినది. గ్రామములో జరిగిన పనిని గుర్తుంచుకొనగల సంస్థ పంచాయతియే. సేవాసంఘము ఒక దినమును ఇచ్చును. తక్కిన 364 దినములు మనవి.

కంటి శిబిరము: ముందు, వెనుక

శిబిరమనగా షామియానా వేసిన దినము మాత్రమే అని తలచుట పొరపాటు. మదురైలో 1976లో డాక్టరు జి. వెంకటస్వామిగారు పదకొండు పడకలతో ఆరంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి ఇందుకు మంచి ఉదాహరణము. ఆ ఆసుపత్రి పల్లెలలో నడుపు శిబిరములకు స్థానిక సేవాసంఘములు, వర్తకులు, దేవాలయములవారు పోషకులుగా నుందురు. పోషకుల పని ప్రచారము చేయుట, స్థలము చూపుట, జనమును కూర్చుట. వైద్యము ఆసుపత్రివారి పని. ఎవరి పని వారిది. ఇంత చక్కని ఏర్పాటున్నను, ఉచితమన్నంత మాత్రమున అందరు రారని వారు తొలినాళ్లలోనే గ్రహించినారు. బస్సు చార్జీ, వెంట వచ్చువాని కూలి నష్టము, అచ్చటి తిండి, అన్నిటికంటె మించి భయము, ఇవి అడ్డువచ్చుచుండెను. వీనికి దారి చూపినకొలది వచ్చువారు పెరిగినారు. తెలంగాణములో 2018లోను, ఆంధ్రప్రదేశమున 2019లోను కంటివెలుగు పేరిట ప్రభుత్వములే ఊరూర పరీక్షలు ఆరంభించినవి. అయినను పరీక్షకును శస్త్రచికిత్సకును నడుమ జారిపోవువారు ఎప్పుడును ఉందురు.

కనుక శిబిరమునకు పదునైదు దినముల ముందే వార్డు సభ్యులు ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని ఇల్లిల్లు తిరుగవలెను. ఏబదియేండ్లు దాటిన ప్రతి ఒక్కరిని పగటి వెలుతురులో నిలువబెట్టి, మూడు మీటర్ల దూరమునుండి చేతివేళ్లు చూపి ఎన్నియో చెప్పుమనవలెను. ఒక కన్ను మూసి ఒక కంటితోను, తరువాత రెండవ కంటితోను చూడుమనవలెను. వేళ్లు లెక్కించలేనివారి పేరు, వయస్సు, వీధి, ఏ కన్ను, వెంట పోగలవారెవరు అను అయిదు సంగతులు ఒక నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. దీనికి చదువక్కరలేదు. వ్రాయుటకు రానిచో ఆ యింటి బడిపిల్లవాడు వ్రాయును. వేళ్లు లెక్కించగలిగినను మసక మసకగా నున్నదనువారిని వేరొక పుటలో వ్రాసి శిబిరమునకు తీసికొని రావలెను.

స్త్రీల విషయమున మరింత శ్రద్ధ అవసరము. శుక్లములకు శస్త్రచికిత్స చేయించుకొనువారిలో, అవసరమున్నదానితో పోల్చినచో, స్త్రీలు వెనుకబడియున్నట్లు మన దేశమునను, ఇతర దేశములలోను జరిగిన పరిశీలనలు తెలుపుచున్నవి. ముసలాయనకు కన్ను మందగించినచో ఇల్లంతయు కదులును. ముసలమ్మ మాత్రము గోడ తడుముకొనుచు పొయ్యి వెలిగించుచునే ఉండును. మన రెండు రాష్ట్రములలోను పంచాయతి స్థానములలో సగము స్త్రీలకు ప్రత్యేకింపబడియున్నవి. ఈ పని ఆ సభ్యురాండ్రు చేసినంత చక్కగా మరెవ్వరును చేయలేరు. సేవాసంఘములు సైతము పూర్వము పురుషులకే పరిమితమైనవి. లయన్స్ 1987లోను, రోటరీ 1989లోను మాత్రమే తమ నియమావళిని మార్చి స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు తలుపులు తెరచినవి.

శిబిరము పెట్టు స్థలము కూడ ఆలోచించి నిర్ణయింపవలెను. పట్టణమునుండి వచ్చువారికి ఊరి సంగతులు తెలియవు. ఎవరో పెద్దమనిషి తన లోగిలి చూపినచో సంతోషించి అచ్చటనే పెట్టుదురు. ఆ లోగిలిలో కాలు పెట్టుటకు దళితవాడనుండి ఎందరు వత్తురు? పాఠశాల, పంచాయతి కార్యాలయము, అంగన్‌వాడి కేంద్రము వంటి అందరిదైన చోటు చూపుట సర్పంచి బాధ్యత. టముకు వేయించునప్పుడు అన్ని వాడలలోను వేయించవలెను.

ఒక హెచ్చరిక మాత్రము చేయక తప్పదు. పూర్వకాలమున పాఠశాలలలో, సత్రములలో బల్లలు వేసి అక్కడికక్కడే శస్త్రచికిత్సలు చేయుచుండిరి. ఇప్పుడు ఆ పద్ధతి పనికిరాదు. కంటిలో సూక్ష్మక్రిమి చేరినచో రెండు మూడు దినములలో చూపు పూర్తిగా పోవచ్చును. శిబిరములో జరుగవలసినది పరీక్ష మాత్రమే. శస్త్రచికిత్స ఆసుపత్రిలోని ఆపరేషన్ థియేటరులోనే జరుగవలెను. ఎంత మంచి సంఘమువారైనను, ఎంతటి పేరున్న వైద్యుడైనను, ఊరిలోనే కోసి పంపుదుమన్నచో పంచాయతి అంగీకరింపరాదు. ఏ ఆసుపత్రికి తీసికొనిపోవుదురు, తరువాత చిక్కు వచ్చినచో ఎవరికి ఫోను చేయవలెను అను రెండు సంగతులు ముందే కాగితముమీద వ్రాయించుకొనవలెను.

ఇక శస్త్రచికిత్స తరువాతి మాట. మసకబారిన సహజ కటకమును తీసివేసి దాని స్థానమున కృత్రిమ లెన్సు అమర్చుదురు. రోగి చాలవరకు ఆనాడో మరునాడో ఇల్లు చేరును. తరువాత కొన్ని వారములపాటు చుక్కలమందు వేయవలెను. కన్ను నలుపరాదు, తలస్నానము, పొయ్యి పొగ, దుమ్ములో పని వైద్యులు చెప్పునంతవరకు కూడదు. నొప్పి, ఎఱ్ఱదనము, చూపు తగ్గుట, వీనిలో ఏది కనిపించినను ఆ పూటే ఆసుపత్రికి పోవలెను, తెల్లవారనిమ్మని ఆగరాదు. వైద్యులు చెప్పిన తేదీలకు తిరిగి పరీక్షకు పోవలెను. శిబిరమునాటి సందడి అణగి, సంఘమువారు తమ ఊరికి పోయిన తరువాత జరుగవలసిన పని ఇదంతయు. చుక్కలమందు వేయుటకు మనుమరాలు బడినుండి వచ్చువరకు ఆగు ముసలివారు ఎందరో ఉన్నారు. వార్డు సభ్యుడు రోజు విడిచి రోజు ఒకమారు తొంగిచూచిన చాలును. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ వంటివి పల్లెలలో చూపు కేంద్రములు నెలకొల్పి, స్థానిక యువతీయువకులకు శిక్షణనిచ్చి నడుపుచున్నవి. అట్టి కేంద్రము దగ్గరలో నున్నచో దాని జాడ పంచాయతి గోడమీద వ్రాయించవలెను.

సంఘము, సర్కారు కలిసిన చోట

సేవాసంఘము గొప్ప పనిలో భాగమైనప్పుడు ఎట్లుండునో పోలియో చరిత్రలో చూడవచ్చును. రోటరీవారు 1985లో ప్రపంచమునుండి పోలియోను తొలగింపవలెనని పూనుకొన్నారు. మన దేశమున 1995లో పల్స్ పోలియో కార్యక్రమము దేశమంతట ఆరంభమైనది. చుక్కలు వేసినవారు ఆరోగ్య సిబ్బంది, అంగన్‌వాడి కార్యకర్తలు. సంఘమువారు సొమ్ము సమకూర్చినారు, కేంద్రముల వద్ద కూర్చున్నారు, ప్రచారము చేసినారు. చుక్కలు పడిన పిల్లవాని చిటికెన వ్రేలికి సిరా గుర్తు పెట్టి, గుర్తులేని పిల్లలకొరకు మరునాడు ఇల్లిల్లు తిరిగినారు. దేశములో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో కనిపించినది. 2014 మార్చి 27వ తేదీన ప్రపంచ ఆరోగ్యసంస్థ మన ప్రాంతము పోలియో లేనిదని ధ్రువీకరించినది. ఆ మరునాటి తిరుగుడే లేకున్నచో మొదటినాటి చుక్కలు చాలకుండెడివి.

కానుక తీసికొనుటకు ముందు

శిబిరములు ఒక ఎత్తు, కట్టడములు యంత్రములు మరొక ఎత్తు. మేము పర్యటనలలో చూచిన ఒక గ్రామమున మంచినీటి ఆర్వో ప్లాంటు కలదు. దాతల పేర్లు చెక్కిన నల్లరాయి నేటికిని తళతళలాడుచున్నది. ప్లాంటుకు మాత్రము ఏడాదిన్నరగా తాళము. విద్యుత్తు బకాయి పడినది. పొరలు మార్చవలసి వచ్చినప్పుడు సొమ్ము లేకపోయినది. నడిపిన కుర్రవాడు జీతము రాక పట్టణమునకు పోయినాడు. దాతలు "మేము కట్టించి ఇచ్చితిమి గదా" అనిరి. పంచాయతివారు "మమ్ములనడిగి పెట్టిరా" అనిరి. ఇద్దరి మాటయు నిజమే. ఊరివారు మరల డబ్బాలు పట్టుకొని మూడు కిలోమీటర్లు పోవుచున్నారు.

ఇట్టి కానుక ఎవరైన ఇచ్చెదమన్నప్పుడు సంతోషముతో తల ఊపుటకు ముందు సభ్యులు అడుగవలసినవి ఉన్నవి. నెలకు విద్యుత్తు ఖర్చెంత, అది ఎవరు కట్టుదురు? పొరలు, ఫిల్టర్లు ఎన్నాళ్లకు మార్చవలెను, ధర ఎంత? నడుపువారెవరు, జీతమెవరిది? ఆర్వో యంత్రము శుద్ధి చేసినదానితో పాటు చాల నీటిని వృథాగా వదలును. అది వీధిలోనికా, తోటలోనికా, ఎచ్చటికి పోవును? బోరులో అంత నీరున్నదా? బిందెకు ఎంత వసూలు చేయవలెను? జవాబులు తెలిసిన తరువాత గ్రామసభలో పెట్టి తీర్మానము చేయవలెను. వచ్చిన వస్తువును స్టాకు రిజిస్టరులో ఎక్కించవలెను. నగదు ఐనచో పంచాయతి రశీదు ఇవ్వవలెను. సర్పంచి చేతికిగాని, సభ్యుని జేబులోనికిగాని పోరాదు. పది వేల కానుక లెక్క తెలియక అయిదేండ్ల మంచిపేరు పోగొట్టుకొన్నవారిని మేమెరుగుదుము.

లెక్క కుదరనిచో మర్యాదగా వద్దని చెప్పుటకు వెనుదీయనక్కరలేదు. "అయ్యా, ప్లాంటు మేము నడుపలేము, ఆ సొమ్ముతో ఉన్న రక్షితనీటి ట్యాంకునకు మరమ్మతు చేయించి పెట్టుడు" అన్నచో, మంచి సంఘమువారు నొచ్చుకొనరు. వారిలోను వర్తకులున్నారు, లాభనష్టముల మాట వారికి మనకంటె బాగుగా తెలియును. త్రాగునీరు, పారిశుధ్యము, వీధిదీపములు పంచాయతి విధులు. దాత వచ్చినాడని వాటినుండి చేతులు కడుగుకొనుటకు లేదు.

రక్తదానము, నేత్రదానము

వీనిని గురించి క్లుప్తముగా చెప్పుదుము. రక్తదానమునకు 18 నుండి 65 యేండ్ల వయస్సు, కనీసము 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హీమోగ్లోబిన్ ఉండవలెను. పురుషులు 90 దినములకు, స్త్రీలు 120 దినములకు ఒకసారి ఇవ్వవచ్చును. గ్రామములోని యువకుల పేర్లు, రక్తవర్గములు, ఫోను నంబర్లు వారి అంగీకారముతో వ్రాసియుంచినచో, కాన్పు కష్టమైన రాత్రి ఆ పుస్తకము అక్కరకు వచ్చును.

నేత్రదానము మరణానంతరము చేయునది. ఆరుగంటల లోపల కార్నియాను సేకరింపవలెను కనుక ముందే సంఘమువారి నంబరు, నేత్రనిధి నంబరు పంచాయతిలో ఉండవలెను. వైద్యబృందము వచ్చువరకు మృతుని కనురెప్పలు మూసి, తడి దూది ఉంచి, ఫ్యాను ఆపి, తల క్రింద దిండు పెట్టవలెను. కళ్లజోడు వాడినవారు, శుక్లములకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారు సైతము కార్నియా ఇవ్వవచ్చును. ముఖము వికారమగునను భయము నిరాధారము. కుటుంబము వారి అనుమతి తప్పనిసరి. ఏడ్చుచున్న ఇంటిలో ఈ మాట ఎత్తుట ఎంత కష్టమో అందరికి తెలిసినదే. బయటినుండి వచ్చిన సంఘమువారికంటె ఆ ఇంటి మంచిచెడ్డలకు నిలిచిన వార్డు సభ్యుడో సభ్యురాలో అడిగినచో విందురు.

మొదట చెప్పిన ఎనిమిదిమంది సంగతి మిగిలినది. ఈ సంవత్సరము అదే గ్రామమునకు మరల వెళ్లినప్పుడు సర్పంచిగారు ఒక నోటుపుస్తకము తెచ్చి మా ముందు పెట్టినారు. సంఘమువారితో మాట్లాడి, మిరపకోతలు ముగిసిన తరువాత ఏప్రిల్ మాసములో ఆసుపత్రి బస్సును ఇంకొకమారు రప్పించినారట. మధుమేహమున్న పెద్దాయనను ఆరోగ్య ఉపకేంద్రమునకు మూడుమార్లు పంపి, మందులు ఇప్పించి, చక్కెర తగ్గిన తరువాతనే బస్సు ఎక్కించినారు. గేదె ఈనిన ఇంటివారు తామే వచ్చినారు. ఒకరు ఆ నడుమనే కాలము చేసినారు. ఒకరు నేటికిని రానే రానన్నారు. ఆయన పేరు కొట్టివేయక అట్లే ఉంచినారు. తక్కిన ఆరుగురికిని ఒక్కొక్క కంటికి శస్త్రచికిత్స జరిగినది.

కాటికి దారి తెలుసునన్న అవ్వను ఒప్పించినది ఆ వీధి వార్డు సభ్యురాలు. "అత్తా, నువ్వు రాకపోతే నేనూ కూలికి పోను, నీ అరుగుమీదే కూర్చుంటా" అని రెండు దినములు కూర్చున్నదట. మూడవనాడు ఇద్దరును కలిసి బస్సు ఎక్కినారు. మేము వెళ్లునప్పటికి అవ్వ చేటలో బియ్యము ఏరుచున్నది. మమ్ములను గుర్తుపట్టలేదు, అంతకు ముందు మమ్ములను చూచినది ఎప్పుడు గనుక! కుశలమడుగగా, చేటలోని రాయినొకదానిని వేలితో ఎత్తి చూపి, "ఇన్నాళ్లూ నా మనమలకి రాళ్లన్నమే పెట్టానుగా నాయనా, ఒక్కడూ చెప్పలేదు" అన్నది.

ఆమె రెండవ కన్ను ఇంకను మసకగానే ఉన్నది. ఈ యేటి పట్టికలో ఆమె పేరు మూడవది.